గిటార్ల హోరులో బేస్ మునిగిపోతోందా?
తమ్ముడూ, మీ ఒంగోలు బ్యాండ్ మెటల్ పాట హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు విన్నాను. బేస్ (మంద్ర స్వరాల గిటార్), కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) వినపడట్లేదని అడిగావు కదా, తప్పు బేస్ వాయించినవాడిది కాదు, గిటార్లది.

ముందు గిటార్ల డిస్టార్షన్ గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే మోతాదు) తగ్గించి మళ్లీ రికార్డ్ చెయ్యి. నెల్లూరులో మా గదిలో గెయిన్ సగం చేశాకే రిఫ్‌లో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలో) ఒక్కో తీగ విడిగా పలికింది. అదే రిఫ్‌ను రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టు. కాపీ పేస్ట్ చేస్తే ఆ వెడల్పు రాదు. తర్వాత గిటార్లలో 80–100 హెర్ట్జ్ కింద ఉన్న మంద్ర శబ్దమంతా ఈక్వలైజర్‌లో కోసెయ్యి. గిటార్ ఒక్కటే వింటే పల్చగా అనిపిస్తుంది, కంగారుపడకు. ఆ ఖాళీలోనే బేస్ కూర్చుంటుంది.

కిక్‌కు 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచు, దెబ్బ తెలుస్తుంది. అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా 1988 ఆల్బమ్‌లో కూడా బేస్ దాదాపు వినపడదు. అంత గొప్ప పాటల్లో ఆ లోటు నన్నిప్పటికీ బాధపెడుతుంది.