కాలేజీ షూటర్ ఎన్‌బీఏలో పాయింట్ గార్డ్ కాగలడా? ముందు అతడి డ్రిబుల్ చూడండి

మీ ప్రశ్న ఇది: కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల షాట్లతో పేరు తెచ్చుకున్న కుర్రాణ్ణి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టీమ్‌లో పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తీసుకొచ్చి ఆట నడిపేవాడిగా, ఆడించొచ్చా? మీరు ఆడించొచ్చంటున్నారు. మీ మిత్రుడు మాత్రం షూటర్ ఎప్పటికీ షూటరేనని, ఆట నడిపే చూపు పుట్టుకతో రావాలని వాదిస్తున్నారు.

నేను మీ వైపే, కానీ పూర్తిగా కాదు. కొందరు మారగలరు, చాలామంది మారలేరు. ఎవరు మారగలరో తేల్చేది పాసింగ్ కూడా కాదు. ఎదురుగా మనిషి మీద పడుతుండగా డ్రిబుల్ చేసుకుంటూ, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ వచ్చి, తన షాట్ తానే సంపాదించుకోగలడా అన్నదే తేలుస్తుంది. అది ఉన్నవాడికి పాసింగ్ నేర్పొచ్చు. అది లేనివాడికి ఎంత మంచి పాస్ వచ్చినా ఉపయోగం తక్కువ.

ఈ మాట టీవీ చూసి చెప్పడం లేదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను కాలేజీ టీమ్‌లో షూటర్‌ని. సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు మనిషి) పెట్టిన స్క్రీన్ (నన్ను కాసేవాడికి అడ్డంగా నిలబడటం) చుట్టూ తిరిగి మూలకు రావడం, పాదాలు సర్దుకుని నిలబడటం, బంతి అందగానే వేయడం, అంతే నా పని. మా ప్లేమేకర్ చదువైపోయి వెళ్లిపోయాక పీడీ సార్ బంతి నా చేతికిచ్చి, ఇకనుంచి నువ్వే తీసుకురా అన్నారు.

అవతలి గార్డ్ మా బాస్కెట్ కిందినుంచే వెంటపడేవాడు. ఎనిమిది సెకన్లలో సగం కోర్టు దాటాలి. దాటేదాకా నా కళ్లు బంతి మీదే ఉండేవి, మిగతా నలుగురు ఎక్కడున్నారో కనిపించేది కాదు. బయటినుంచి చూసేవాళ్లు ‘వీడికి కోర్ట్ విజన్ లేదు’ అనేది చాలాసార్లు దీన్నే. చూపు లేక కాదు, డ్రిబుల్ మీద ధీమా లేక తల ఎత్తలేకపోవడం. ఇంకో సంగతి కాళ్లు. షూటర్‌కి బలమంతా కాళ్లలోనే ఉంటుంది. ఎండలో సిమెంటు కోర్టు మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా బంతి మోసుకొచ్చేసరికి, సెకండ్ హాఫ్‌లో నా షాట్లు రింగు ముందు అంచుకే తగిలేవి.

డ్రిబుల్ కుదిరాక మాత్రం ఆట మారింది. స్క్రీన్ దాటి బయటికి వచ్చేసరికి నా షాట్ సంగతి తెలిసి నన్ను కాసేవాడూ, మా సెంటర్‌ని కాసేవాడూ ఇద్దరూ నా మీదికే వచ్చేవాళ్లు. మా సెంటర్ బాస్కెట్ కింద ఒంటరిగా మిగిలేవాడు. అతనికి బంతి అందించడానికి గొప్ప చూపేమీ అక్కర్లేదు, ఎత్తుగా వేస్తే చాలు. ఆ సీజన్‌లో నా అసిస్టులన్నీ (స్కోరుకు దారితీసిన పాస్‌లు) ఇంచుమించు ఇలా వచ్చినవే. ప్రత్యర్థులు నా షాట్‌కి భయపడ్డారు కాబట్టి పాస్‌కి దారి దొరికింది. డిఫెన్స్ ఆ భయం లేకుండా స్క్రీన్ వెనకనుంచి తీరిగ్గా వెళ్లిపోతే ఆ దారే ఉండదు.

ఇప్పుడు నేనుండేది అమెరికాలోని షార్లెట్‌లో. ఇక్కణ్ణుంచి అరగంట దూరంలో డేవిడ్‌సన్ కాలేజీ ఉంది. రెండు వేలమంది కూడా లేని చిన్న కాలేజీ. మీ ప్రశ్నకు ప్రపంచంలోకెల్లా పెద్ద ఉదాహరణ అక్కణ్ణుంచే వచ్చింది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

స్టీఫెన్ కర్రీ అక్కడ మొదటి రెండేళ్లూ షూటింగ్ గార్డే, అంటే ఆట నడపడం కాక షాట్లు వేయడమే ప్రధానమైన స్థానం. 2007-08 సీజన్‌లో 162 మూడు పాయింట్ల షాట్లు వేసి అప్పటికి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ రికార్డు నెలకొల్పాడు. కానీ ఆ టీమ్‌ని నడిపింది అతను కాదు, జేసన్ రిచర్డ్స్. మ్యాచ్‌కి 8.1 అసిస్టులతో ఆ ఏడాది దేశంలోనే మొదటి స్థానం రిచర్డ్స్‌ది. రిచర్డ్స్ చదువు ముగించాక కోచ్ బాబ్ మెకిలప్ బంతిని కర్రీకి అప్పగించారు. 2008-09లో కర్రీ మ్యాచ్‌కి 28.6 పాయింట్లతో దేశంలో అగ్రస్థానంలో నిలిచాడు. అసిస్టులు 5.6. అయినా ఎన్‌బీఏ జట్లకు అనుమానం పోలేదు. సన్నగా ఉన్నాడు, అసలైన పాయింట్ గార్డ్ కాదు అన్నారు. 2009 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మినెసోటా వరసగా ఐదు, ఆరు స్థానాల్లో రికీ రూబియో, జానీ ఫ్లిన్ అనే ఇద్దరు పాయింట్ గార్డుల్ని తీసుకుంది. ఏడో స్థానంలో గోల్డెన్ స్టేట్ కర్రీని తీసుకుంది.

ఆ జట్లు చూడాల్సిన మ్యాచ్ ఒకటుంది. 2008 నవంబర్‌లో మేరీలాండ్‌కి చెందిన లయోలా జట్టు కోచ్, కర్రీ ఎక్కడికి వెళ్తే అక్కడికి ఇద్దర్ని పంపాడు. కర్రీ విషయం గ్రహించి మూలకు వెళ్లి నిలబడ్డాడు. మిగతా నలుగురూ ముగ్గురి మీద ఆడుకున్నారు. కర్రీ స్కోరు సున్నా. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. ఆ మ్యాచ్ స్కోరు పట్టికలో కర్రీ పేరు పక్కన పాయింట్లేమీ కనిపించవు. నా దృష్టిలో మాత్రం అతను పాయింట్ గార్డ్ అవుతాడనడానికి అంతకు మించిన రుజువు లేదు. తను షాట్ వేయకుండానే టీమ్‌కి ఖాళీ దొరికేలా చేయడమే కదా ఆ స్థానం పని. ఏళ్ల తర్వాత గోల్డెన్ స్టేట్‌లో జరిగింది కూడా ఇదే. కర్రీ మీదికి ఇద్దరొస్తే బంతి సహచరుడు డ్రేమండ్ గ్రీన్‌కి వెళ్లేది, అక్కణ్ణుంచి నలుగురు ముగ్గురి మీద ఆట. 2015లో, 2016లో కర్రీ ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు.

అదే జట్టులో మీ మిత్రుడి వాదనకు బలమిచ్చే మనిషి కూడా ఉండేవాడు: క్లే థాంప్సన్. 2016 డిసెంబర్‌లో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు వేశాడు. ఆ రాత్రి మొత్తం అతను డ్రిబుల్ చేసింది 11 సార్లు. అంత గొప్ప షూటర్‌ని పాయింట్ గార్డ్‌గా మార్చాలని ఎవరైనా అనుకుంటే ఆ జట్టు చెడిపోయేది. క్లే విలువంతా బంతి లేనప్పుడు అతను పెట్టే పరుగులో ఉంది. పట్టుకుని వేసే షూటర్‌ని అలాగే ఉంచాలి, అందులో తక్కువతనమేమీ లేదు.

ఇప్పుడు కష్టమైన ఉదాహరణ. జిమ్మర్ ఫ్రెడెట్ కాలేజీలో డ్రిబుల్ మీద ఎంత దూరం నుంచైనా వేసేవాడు. 2010-11లో మ్యాచ్‌కి 28.9 పాయింట్లతో దేశంలో మొదటివాడు. 2011 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంపికై శాక్రమెంటోకి వెళ్లాడు. అదే జట్టు చిట్టచివరి అరవయ్యో స్థానంలో ఐజెయా థామస్‌ని తీసుకుంది. థామస్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. కాలేజీలో అతనూ ప్రధానంగా స్కోరరే, ఆఖరి సీజన్ మధ్యలో పాయింట్ గార్డ్ అయ్యాడు. మొదటి ఏడాది పూర్తయ్యేలోపే శాక్రమెంటోలో పాయింట్ గార్డ్ స్థానం థామస్‌దైంది, ఫ్రెడెట్ ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేకపోయాడు. షాట్‌లో ఫ్రెడెట్‌కి లోటు లేదు. తేడా మొదటి అడుగులో ఉందని నా అభిప్రాయం. థామస్ తన ముందున్నవాణ్ణి ఒక్క ఊపులో దాటి బాస్కెట్ దాకా వెళ్లగలిగేవాడు. ఫ్రెడెట్ ఎదుట నిలబడ్డవాళ్లు కాలేజీ వాళ్లకంటే పొడుగు, వేగం. వాళ్లను దాటలేకపోతే డ్రిబుల్ మీద వేసే షాట్‌కి కూడా చోటు మిగలదు. కాబట్టి నా మొదటి మాటకు ఇది చేర్చుకోవాలి: డ్రిబుల్ మీద షాట్ ఉంటే సరిపోదు, ఎన్‌బీఏ కాళ్ల ముందు కూడా అది నిలవాలి.

కొలతలు కూడా గమనించండి. కర్రీ ఆ 162 షాట్లు వేసిన ఏడాది కాలేజీలో మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. ఎన్‌బీఏ గీత, మూలల్లో తప్ప, 23 అడుగుల 9 అంగుళాలు. అప్పట్లో కాలేజీలో షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయాల్సిన గడువు) 35 సెకన్లు, ఎన్‌బీఏలో 24. గీత వెనక్కి పోతుంది, టైమ్ తగ్గుతుంది. అందుకే కాలేజీలో గీతకి రెండడుగులు వెనకనుంచి వేయడానికి జంకని షూటర్ని నేను ఎక్కువ నమ్ముతాను.

డిఫెన్స్ గురించి భయపడేవాళ్లకి ఒక్క మాట. పాయింట్ గార్డ్‌గా ఆడినంత మాత్రాన అవతలి పాయింట్ గార్డ్‌ని తనే కాయాలని లేదు. గోల్డెన్ స్టేట్ చాలా మ్యాచ్‌ల్లో ఆ పని క్లేకి ఇచ్చింది.

ఇక ఓపిక. కర్రీ మొదటి సీజన్‌లోనే 17.5 పాయింట్లు, 5.9 అసిస్టులు తెచ్చాడు. అయినా బంతి పూర్తిగా అతని చేతికి రావడానికి టైమ్ పట్టింది, ఎందుకంటే పక్కన మాంటే ఎల్లిస్ ఉన్నాడు. ఇద్దరూ చిన్న గార్డులే, ఇద్దరికీ బంతి కావాలి. 2012 మార్చిలో గోల్డెన్ స్టేట్ ఎల్లిస్‌ని మిల్వాకీకి పంపి ఆండ్రూ బోగట్‌ని తెచ్చుకుంది. ఆ సీజన్‌లో కర్రీ చీలమండ గాయాలతో 26 మ్యాచ్‌లే ఆడాడు. అలాంటి ఏడాదిలో కూడా జట్టు అతన్నే నమ్ముకుంది. ఇంత ఓపిక అందరికీ దొరకదు, దొరక్క ఆగిపోయినవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీరిద్దరూ ఏ కుర్రాడి గురించి వాదించుకుంటున్నారో రాయలేదు. అతని హైలైట్స్ పక్కన పెట్టి, బాగా ప్రెస్ చేసే (కోర్టు పొడవునా వెంటపడే) జట్టు మీద ఆడిన ఒక పూర్తి మ్యాచ్ చూడండి. వేసిన షాట్లలో ఎన్ని ఒకరిచ్చిన పాస్ మీద వేశాడు, ఎన్ని తన డ్రిబుల్ మీద వేశాడు, స్క్రీన్ దాటగానే అవతలి పొడుగు మనిషి ముందుకొచ్చాడా లేక బాస్కెట్ దగ్గరే ఉండిపోయాడా రాసుకోండి. పొడుగు మనిషి ప్రతిసారీ ముందుకొస్తుంటే వాదనలో మీదే పైచేయి. ఉండిపోతుంటే మీ మిత్రుడిది.