నాన్న గొంతు ఆపరేషన్‌కి ప్లాటు అమ్మాలా?

ఖమ్మం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: నాన్నకి 58, కిరాణా కొట్టు, స్వరపేటిక క్యాన్సర్, మొత్తం తీసేయాలన్నారు, తెల్ల రేషన్ కార్డు ఉంది, నా దగ్గర 6 లక్షల ఎఫ్‌డీ, ఊర్లో ఒక ప్లాటు, ప్లాటు అమ్మేయనా అన్నా అని.

ఇప్పుడే వద్దు తమ్ముడూ. అవసరంలో ఉన్నామని తెలిస్తే కొనేవాడు సగం రేటుకే అడుగుతాడు. ముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్‌కి వెళ్లు, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి లిమిట్ 10 లక్షలు, ఈ ఆపరేషన్ అందులో వస్తుందా, ఏమేం రావు అనేది అడ్మిట్ కాకముందే తేల్చుకో.

అసలు నాకు భయం ఆపరేషన్ బిల్లు కాదు, ఆ తర్వాతది. లోపల కుట్లు సరిగ్గా అతక్కపోతే మింగింది మెడ మీద నుంచి బయటికి కారుద్ది, ఫిస్టులా అంటారు, ముందే రేడియేషన్ అయినవాళ్లకి ఇది ఎక్కువ, అలా అయితే ముక్కు ట్యూబ్‌తోనే పాలు, జావ, రెండు వారాల్లో ఇంటికి రావాల్సిన మనిషి నెల దాటినా అక్కడే ఉండొచ్చు, ఈలోపు కొట్టు మూత. తర్వాత రేడియేషన్ చెబితే సుమారు 6 వారాలు రోజూ తిరగాలి, థైరాయిడ్ టెస్టులు కూడా. ఇక జీవితాంతం శ్వాస మెడలోని రంధ్రం నుంచే, దానికి ఫిల్టర్లు, కఫం లాగే సక్షన్ మెషిన్. స్వరపేటిక పోయాక మాట కోసం పెట్టే వాల్వ్ కొన్ని నెలలకోసారి మార్చాలి, బయటిదేశం సరుకైతే ప్రతిసారీ వేలల్లోనే. బెంగళూరు డాక్టర్ విశాల్ రావు 50 రూపాయల ధరకి తెచ్చిన 'ఓం' వాల్వ్ గురించి కూడా మీ డాక్టర్ని అడుగు, నాన్నకి సరిపోద్దో లేదో ఆయనే చెప్పాలి, నేను లెక్కలవాణ్ణే.

అందుకే ఎఫ్‌డీ కూడా బ్రేక్ చేయకు, దాని మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, ఎఫ్‌డీ తాకట్టు మీద అవసరమైనంత వాడుకునే అప్పు) పెట్టించుకో, వాడుకున్నదానికే వడ్డీ పడుద్ది. పాత ఎల్‌ఐసీ పాలసీల్లో క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్, అంటే పెద్ద జబ్బు వస్తే డబ్బిచ్చే అదనపు కవర్, ఉందేమో వెతుకు. 2016 వికలాంగుల చట్టంలో స్వరపేటిక తీసేయడం పేరుతో సహా ఉంది, గాయం మానాక వికలాంగుల సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యి.

ఇంకోటి, ఇది ఈ వారమే చెయ్యి, ఆపరేషన్ అయ్యాక నాన్న ఇప్పటిలా మాట్లాడలేడు. కిరాణా కొట్టు అంటున్నావు కదా, ఎవరెంత బాకీ, హోల్‌సేల్ వాళ్లకి మనమెంత ఇవ్వాలి అన్నది సగం పుస్తకంలో ఉంటే సగం ఆయన బుర్రలోనే ఉంటది. పక్కన కూర్చుని అడిగి రాసుకో, ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ కూడా చేసుకో.