ఎమ్మెస్‌కి వస్తున్నారా? ల్యాప్‌టాప్ ఇంటి దగ్గరే కొనాలా, అమెరికా వచ్చాక కొనాలా

వీసా స్టాంపింగ్ అయి, టికెట్లు బుక్ చేసుకుని, పచ్చళ్లు ఎన్ని కిలోలో కూడా తేలిపోయాక మిగిలే ప్రశ్న ఇది. సీనియర్లని అడిగితే ఎవరు ఏది చేశారో అదే కరెక్టని చెప్తారు. అందుకని ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి, అసలు కొత్తది కావాలా అన్నది ముందు తేల్చుకోండి.

బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తుంటే మూడు సంగతులు చూడండి. విండోస్ 11 సరిగ్గా ఎక్కాలి, ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే 11కి అర్హత. ర్యామ్ 16 జీబీ ఉండాలి. పాతకాలపు హార్డ్ డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఈ మూడూ ఉంటే దాన్నే బ్యాగులో పెట్టుకుని రండి, కనీసం మొదటి సెమిస్టర్ హాయిగా గడుస్తుంది. నవంబర్లో థాంక్స్‌గివింగ్ మర్నాడు వచ్చే బ్లాక్ ఫ్రైడేకి కోర్సు ఏం అడుగుతుందో మీకే తెలిసిపోతుంది, అప్పుడు కొనుక్కోవచ్చు.

ర్యామ్ 8 జీబీయే ఉండి, లోపల స్లాట్ ఉంటే ర్యామ్ పెంచే పని ఇండియాలోనే చేయించుకోండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో గానీ మీ ఊళ్లో తెలిసిన షాపులో గానీ విప్పి బిగించే కూలీ వందల్లో ఉంటుంది. ఇక్కడ అమెరికాలో రిపేర్ షాపులో మనిషి చెయ్యి పడితే పాత మెషీన్ విలువలో మంచి భాగం అక్కడే పోతుంది. బ్యాటరీ గంటన్నరకి మించి నిలవకపోతే అదీ మార్పించుకోండి. రెండు హెచ్చరికలు. పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, పెంచడం కుదరదు. పైగా 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. ముందు రేటు కనుక్కుని, ఆరేళ్ల మెషీన్ మీద అంత పెట్టాలా అని ఆలోచించండి.

కొత్తదే కావాలని తేలితే, కంపెనీల పేర్లు చూసే ముందు మీ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో కంప్యూటర్ రిక్వైర్‌మెంట్స్ పేజీ చదవండి. చాలా యూనివర్సిటీలు పెడతాయి, మనవాళ్లలో చదివేవాళ్లే తక్కువ. అసలు తేడా ఎక్కడొస్తుందంటే: మెకానికల్, సివిల్ వాళ్లకి సాలిడ్‌వర్క్స్, రెవిట్ కావాలి, అవి విండోస్‌లోనే నడుస్తాయి. బిజినెస్ అనలిటిక్స్‌లో పవర్ బీఐ డెస్క్‌టాప్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) కోర్సుల్లో ఆర్క్‌జీఐఎస్ ప్రో కూడా అంతే. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వాళ్లు వాడే వివాడో విండోస్‌లోనో లినక్స్‌లోనో నడుస్తుంది, మ్యాక్‌లో నడవదు. వాళ్లే వాడే కేడెన్స్ టూల్స్ మాత్రం యూనివర్సిటీ లినక్స్ సర్వర్ మీద ఉంటాయి, మీ దగ్గరున్నది కిటికీ లాంటిదే, ఏ ల్యాప్‌టాప్ అయినా ఫరవాలేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి మ్యాకైనా విండోసైనా ఒకటే. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే రెండేళ్ల కోర్సుకి సరిపోతుంది.

మెషీన్ లెర్నింగ్ పేరు చెప్పి లక్షన్నర పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. 6, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీలో పెద్ద మోడళ్లు ఎలాగూ పట్టవు. అసైన్‌మెంట్లకి గూగుల్ ఆన్‌లైన్‌లో ఇచ్చే కొలాబ్, ప్రాజెక్టులకీ థీసిస్‌కీ యూనివర్సిటీ క్లస్టర్ (పెద్ద కంప్యూటర్ల గుంపు) వాడతారు. ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ బరువేమో రెండున్నర కిలోలు, పైన ఛార్జర్. క్యాంపస్ బస్సు పట్టుకుని, రెండు బిల్డింగులు మారి, క్లాసులో ప్లగ్ పాయింట్ వెతుక్కునే వాళ్లకి అది శిక్ష. ఆటలు ఆడే సరదా ఉంటే అందుకే కొంటున్నానని ఒప్పుకుని కొనుక్కోండి, తప్పేం లేదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ బాగా వస్తుంది గానీ ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని వాటి మీద మొండికేస్తాయి, కోర్సు సాఫ్ట్‌వేర్ నడుస్తుందని డిపార్ట్‌మెంట్ చెప్తేనే తీసుకోండి. లినక్స్ ప్రియులకి ఒక మాట: ఆన్‌లైన్ పరీక్షలకి వాడే లాక్‌డౌన్ బ్రౌజర్ లినక్స్‌లో రాదు, విండోస్‌ని పూర్తిగా చెరిపెయ్యకండి.

ఇక ధర. ఇండియాలో బోర్డు మీద రాసిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, దేశం దాటుతున్నామని అది తిరిగి రాదు. ఇక్కడ రాసే ధరకి సేల్స్ టాక్స్ బిల్లు దగ్గర కలుస్తుంది. టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల 8.25 శాతం, న్యూజెర్సీలో 6.625. డెలవేర్, ఆరెగన్, న్యూ హాంప్‌షైర్, మోంటానాల్లో సేల్స్ టాక్సే లేదు. వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్‌కి స్టూడెంట్ డిస్కౌంట్ వంద పోయి, డాలస్‌లో టాక్స్ కలిస్తే 974 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే సుమారు 87,700. దాన్ని ఇండియా క్రెడిట్ కార్డు మీద గీస్తే ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే ఛార్జీ) మామూలుగా 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి ఇంకో 3,600. అంటే 91 వేలు దాటింది. అదే మోడల్ ఇండియాలో బ్యాంకు ఆఫర్లన్నీ పోగా ఎంతకొస్తుందో పక్కన రాసి చూడండి. మోడల్ పేరొక్కటే చాలదు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, స్క్రీన్ రకం అన్నీ ఒకటే కావాలి. తేడా ఐదారు వేలలోపు ఉంటే ధర గురించి ఆలోచించడం మానేసి వారంటీ చూసి నిర్ణయించుకోండి.

స్టూడెంట్ ధరలు యాపిల్, డెల్, హెచ్‌పీ, లెనోవో అందరూ ఇస్తారు. యూనివర్సిటీ డాట్ ఈడీయూ మెయిల్ సాధారణంగా మీరు బయల్దేరకముందే వచ్చేస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో టాక్స్ హాలిడే ఉంటుంది. మిస్సోరీలో ఆగస్టు మొదటి వారాంతంలో 1,500 డాలర్లలోపు కంప్యూటర్లకి సేల్స్ టాక్స్ మినహాయిస్తారు, అక్కడి వారెన్స్‌బర్గ్‌లో ఉన్న యూనివర్సిటీకి వచ్చే మన పిల్లలకి ఆ తేదీలు సరిగ్గా కలిసొస్తాయి. టెనెసీలో జూలై చివరి వారాంతం. టెక్సస్‌లో కూడా ఆగస్టులో టాక్స్ హాలిడే ఉంది కానీ అది బట్టలకీ స్కూలు బ్యాగులకీ, ల్యాప్‌టాప్‌కి వర్తించదు. ఏటా ఇది తెలియక క్యూ కట్టేవాళ్లుంటారు.

వారంటీ విషయంలో, మ్యాక్‌బుక్ ఎక్కడ కొన్నా ఏడాది వారంటీకి ఇక్కడి యాపిల్ స్టోర్‌లో చూస్తారు. డెల్‌కి సర్వీస్ ట్యాగ్‌ని (ల్యాప్‌టాప్ మీదుండే గుర్తింపు నంబరు) అమెరికాకి బదిలీ చెయ్యమని ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలి, కొన్న బిల్లు అడుగుతారు. దిగిన వారంలోనే చేసుకోండి, స్క్రీన్ పోయాక చేస్తే ఆలస్యమవుతుంది. మిగతా కంపెనీల్లో మోడల్‌ని బట్టి మారుతుంది: షాపువాడు ఇంటర్నేషనల్ వారంటీ ఉంది సార్ అంటే నమ్మకుండా, సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి ఏ దేశానికి చూపిస్తుందో చూడండి. అదనంగా డబ్బు కట్టి తీసుకునే యాక్సిడెంటల్ కవర్ సాధారణంగా ఇండియాలోనే చెల్లుతుంది. అలాంటిదైతే అమెరికా వచ్చేవాళ్లు దాని మీద పెట్టిన డబ్బు వృథా.

నా లెక్కలో ఇండియాలోనే కొనాల్సింది మూడు సందర్భాల్లో. లోన్‌లో కంప్యూటర్ ఖర్చు చూపించుకునే వీలుంటే (బ్యాంకుల సంఘం ఐబీఏ వారి మోడల్ విద్యారుణ స్కీములో కోర్సుకు అవసరమైన కంప్యూటర్ కూడా ఉంది, మీ శాంక్షన్ లెటర్‌లో రాశారో లేదో చూసి, బిల్లు విద్యార్థి పేరు మీద తీసుకోండి). కొనేది మ్యాక్‌బుక్ అయి ధర దగ్గరదగ్గరగా ఉంటే. లేదా సెమిస్టర్ మొదలైన రోజే దిగుతుంటే. మిగతా వాళ్లందరూ వచ్చాక కొనడమే మేలు.

వచ్చాక కొనేవాళ్లకి మొదటి అడ్డంకి కార్డు. ఇండియా కార్డు బిల్లింగ్ అడ్రస్ ఇక్కడి ఆన్‌లైన్ స్టోర్లలో జిప్ కోడ్‌తో కలవక చాలాసార్లు పేమెంట్ ఫెయిలవుతుంది. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) పట్టుకెళ్లి బ్యాంకు అకౌంట్ తెరిచి, ఆ డెబిట్ కార్డుతో కొనండి, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకపోయినా చాలా బ్యాంకులు స్టూడెంట్ అకౌంట్ ఇస్తాయి. డెలివరీ గుమ్మం ముందు పెట్టి పోతే ఎత్తుకుపోయేవాళ్లున్నారు, స్టోర్ పికప్ పెట్టుకోండి. అక్కడ ఐడీ అడుగుతారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు మనలో చాలామంది. ఆర్డర్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. బెస్ట్ బైలో వాపసుకి మామూలుగా 15 రోజులు, కాస్ట్‌కోలో 90 రోజులు, పైగా అక్కడ కంప్యూటర్లకి వారంటీ రెండో ఏడాదికి పొడిగిస్తారు. రూమ్మేట్‌కి కాస్ట్‌కో మెంబర్‌షిప్ ఉంటే ముందు అక్కడ చూడండి. ఈలోపు వారం పది రోజులకి యూనివర్సిటీ లైబ్రరీలో ల్యాప్‌టాప్ అరువిస్తారేమో అడగండి, చాలాచోట్ల ఇస్తారు.

ఇండియా నుంచి తెచ్చేవాళ్లకి కరెంటు భయం అక్కర్లేదు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే ఇక్కడి 120 వోల్టులకి అదే పనిచేస్తుంది. మార్చాల్సింది అడాప్టర్‌కీ గోడకీ మధ్య ఉండే తీగ ఒక్కటే. అడాప్టర్ వైపు మూడు గుండ్రటి రంధ్రాలుంటే, మిక్కీ మౌస్ కేబుల్ అని అడిగితే పది డాలర్లలోపే దొరుకుతుంది. బరువైన ఛార్జర్ని యూనివర్సల్ కన్వర్టర్‌కి తగిలిస్తే గోడలోంచి వేలాడుతూ జారిపోతుంది, స్పార్క్ కూడా వస్తుంది. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు రెండూ క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి, పవర్ బ్యాంకు చెకిన్‌లో వెయ్యకూడదు.

విమానం ఎక్కేముందు ల్యాప్‌టాప్‌లోంచి టోరెంట్ సాఫ్ట్‌వేర్ తీసెయ్యండి. ఆన్ చెయ్యగానే దానంతటదే మొదలై, ఎడ్యురోమ్ అనే యూనివర్సిటీ వైఫైలో మీ ఐడీతో సినిమా పంచడం మొదలుపెడుతుంది. కాపీరైట్ నోటీసు యూనివర్సిటీకొస్తుంది, వాళ్లు మీ నెట్ కట్ చేసి పిలుస్తారు. క్రాక్ చేసిన మైక్రోసాఫ్ట్ ఆఫీసు అవసరమే లేదు, చాలా యూనివర్సిటీలు ఉచితంగానే ఇస్తాయి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి: అది మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ఆ అకౌంట్ ఓటీపీ ఇండియా నంబరుకి వెళ్తుంది, ఆ సిమ్ నాన్నగారి ఫోన్లో ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ అసైన్‌మెంట్ డెడ్‌లైన్.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు, అమ్మేవాళ్ల ఎదుటే మొత్తం చెరిపించి, వైఫైకి కలిపి కొత్తదానిలా సెటప్ మొదలుపెట్టండి. మ్యాక్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ అని వచ్చినా, విండోస్‌లో ఏదో కంపెనీ పేరుతో సైనిన్ అడిగినా అది కంపెనీ ఆస్తి, ఎప్పుడైనా లాక్ చేసేస్తారు. పాత ఓనర్ యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడిగినా అంతే, వాళ్లు అక్కడే తీసేస్తే సరి, లేకపోతే వద్దు. మ్యాక్‌లో బ్యాటరీ సైకిల్ కౌంట్ (పూర్తి ఛార్జింగులు ఎన్నయ్యాయో చూపే లెక్క) కూడా చూడండి. ఈ కాలపు మ్యాక్‌బుక్‌లకి పరిమితి 1,000 సైకిళ్లు, 800 దాటితే బ్యాటరీ మార్పు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.