పెడల్స్ ముట్టకున్నా విమానం ఎడమకు లాగుతోంది

పెడల్స్ చెడిపోలేదు తమ్ముడూ. జాయ్‌స్టిక్ మెలితిప్పినా రడ్డర్ (విమానం ముక్కును ఎడమకు, కుడికి తిప్పే తోక పలక) కదిలేలా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్ తనంతట తానే సెట్ చేసుకుంటుంది. ఇప్పుడు జాయ్‌స్టిక్, పెడల్స్ రెండూ ఒకే రడ్డర్ కోసం కొట్లాడుతున్నట్టుంది.

1. కంట్రోల్స్‌లో ముందు జాయ్‌స్టిక్‌ను ఎంచుకో. అందరూ పెడల్స్ పేజీలోనే వెతికి విసిగిపోతారు. ప్రతి పరికరానికి సెట్టింగులు విడివిడిగా ఉంటాయి.
2. జాయ్‌స్టిక్ పేజీలో రడ్డర్ యాక్సిస్ (మెలితిప్పడాన్ని రడ్డర్‌కు కలిపే సెట్టింగ్) తీసేయ్. డిఫాల్ట్ ప్రొఫైల్‌ను మార్చనివ్వదు, కొత్త పేరుతో సేవ్ చెయ్యి.
3. కాళ్లు తీసేసినా స్క్రీన్ మీద పెడల్స్ కదలిక చూపే గీత వణుకుతుంటే పెడల్స్‌కు డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని పట్టించుకోని భాగం) 5 శాతం పెట్టు.

సెస్నా 172 అనే చిన్న విమానం టేకాఫ్‌లో ఫుల్ పవర్‌కు ఎడమకు లాగడం మాత్రం సహజమే, కుడి పెడల్ తొక్కాలి. మిర్యాలగూడ దాటి సాగర్ నీళ్ల మీద నిలకడగా ఎగురుతున్నప్పుడు కూడా గట్టిగా లాగుతుంటే పైవి చూడు.