డే కేర్‌కు వెళ్లే పాపకు అక్కడ మందులు ఎవరు ఇవ్వాలి?

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు, బరువు 14 కిలోలు. తరచూ పిల్లికూతలు వస్తుంటే ఆస్తమా అని చెప్పి, రోజూ రెండు పూటలా వాడే ఇన్‌హేలర్ ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు వాడేది మరొకటి రాశారు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తుండటంతో సాయంత్రం వరకు పాప డే కేర్‌లోనే ఉంటుంది. ఇటీవల జ్వరం వచ్చినప్పుడు పారాసెటమాల్ పట్టి పంపాను. ఆ సంగతి తెలియక అక్కడి ఆయా గంటన్నరకే మళ్లీ పట్టింది. అప్పటి నుంచి మందులేవీ తాము ఇవ్వబోమని నిర్వాహకులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: సరైన మోతాదే ఒకసారి తొందరగా రెండోసారి పడినంత మాత్రాన సాధారణంగా ప్రమాదం ఉండదమ్మా. రోజుల తరబడి అలా జరిగితేనే కాలేయానికి ముప్పు. నిర్వాహకుల మాటలో సగం న్యాయముంది కానీ, ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ విషయంలో మాత్రం వారి మాటకు ఒప్పుకోకండి.

అసలు డే కేర్‌కు వెళ్లే మందులు ఎంత తగ్గితే పొరపాట్లు అంత తగ్గుతాయి. రోజూ వాడే ఇన్‌హేలర్‌ను ఉదయం బయల్దేరే ముందు, రాత్రి పడుకునే ముందు ఇంట్లోనే ఇచ్చి నోరు పుక్కిలింపజేస్తే సరిపోతుంది. యాంటీబయాటిక్ అవసరమైతే రెండు పూటలు వాడేది రాయడం కుదురుతుందేమో మీ డాక్టర్‌ను అడగండి. జలుబు సిరప్‌లను అసలు పంపవద్దు. వాటిలో చాలావరకు ఉండే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలంటూ 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

పారాసెటమాల్ విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది వేళ కన్నా సీసా. సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములవీ, 250 మిల్లీగ్రాములవీ ఉంటాయి. పసిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు మించని లెక్కన మీ పాపకు 250 సిరప్ 4 మిల్లీలీటర్లు చాలు, అదే 120 సిరప్ అయితే 8 కావాలి. అందువల్ల ‘ఒక చెంచా’ అని చెప్పి పంపడం మానేసి, ఇంట్లోనూ అక్కడా ఒకే రకం సీసా ఉంచి, ఎన్ని మిల్లీలీటర్లో దానిపైనే రాయండి. చివరిసారి ఏ వేళకు పట్టారో ఒక పుస్తకంలో రాసి పాప సంచిలో పెట్టండి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఎడం ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. సిరప్‌తో జ్వరాన్ని అణిచి పంపడం మాత్రం సరికాదు. మందు లేకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే అప్పుడు పంపండి.

ఇక ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, మాస్క్ ఉన్న స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) సహా డే కేర్‌లో తప్పకుండా ఉండాలి. ఎప్పుడు, ఎన్ని పఫ్‌లు ఇవ్వాలో డాక్టర్ సంతకంతో తెలుగులో రాయించి గోడకు అతికించమనండి. కనీసం ఇద్దరు ఆయాలకు మీరే చేసి చూపించండి. సాధారణంగా ఇన్‌హేలర్‌ను బాగా ఊపి ఒక పఫ్ ఇచ్చి, మాస్క్‌లోంచి ఐదారుసార్లు ఊపిరి పీల్చనిచ్చాక రెండోది ఇస్తారు; తగ్గకపోతే 20 నిమిషాలకొకసారి మరో రెండుసార్లు ఇలాగే ఇవ్వవచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా మీ ఫోన్ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలని, అంబులెన్స్ వచ్చేదాకా పఫ్‌లు ఆపవద్దని కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఇన్‌హేలర్ పిల్లలకు అందని ఎత్తులో ఉండాలే గాని, మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోనో తాళం వేసిన బీరువాలోనో ఉంటే సమయానికి దొరకదు. మన విజయవాడ ఎండల్లో కారులో వదిలేయడమూ మంచిది కాదు.

మందులతో పాటు పొగ గురించి కూడా అడగండి. మధ్యాహ్నం పిల్లలు పడుకునే గదిలో దోమల చుట్టలు, అగరొత్తులు, సాంబ్రాణి వెలిగిస్తున్నారేమో చూడండి. వాటిని మాన్పించండి. భోగి మంటల రోజు, దీపావళి రోజు పాపను పొగకు దూరంగా ఉంచండి.

సాల్బుటమాల్ ఇచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకంలోనే రాయించండి. వారానికి రెండుసార్లకు మించి అవసరపడుతుంటే ఆస్తమా అదుపులో లేనట్టే కాబట్టి, ఆ పుస్తకం తీసుకుని వెంటనే మీ డాక్టర్‌ను కలవండి.