మైకు ముందుకి వెళ్లే ముందు

అమ్మాయీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మన పక్క పొలాల్లో పెడతామంటున్న ఇండస్ట్రియల్ పార్కు ప్రజాభిప్రాయ సేకరణలో ఊరి తరఫున నువ్వు మాట్లాడతావట. ముందు సంతోషమేసింది. తర్వాత నిద్ర పట్టలేదు.

నోటీసుకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఇవ్వాలి, తేదీలు చూసుకో. పర్యావరణ రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో ఉంటుంది. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకు. చెప్పేది రాసి కూడా ఇచ్చి, రసీదు తీసుకో.

ఇక నా సంగతి విను. పదమూడేళ్ల కిందట పక్క మండలంలో ఇలాంటి సభకే వెళ్లాను. పావుగంట మాట్లాడాను. తాతల నాటి భూములన్నాను, 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే మనకి అన్నమెక్కడిదన్నాను. ఒకటే చప్పట్లు. చివర్లో మినిట్స్, అంటే ఎవరేం మాట్లాడారో రాసుకున్నది, చదివారు. నా పావుగంటా ఒక్క ముక్క అయింది: ‘ఒక రైతు వ్యతిరేకించారు’.

అప్పుడు సంచిలో రిపోర్టు ఉంది. పార్కు పక్క మురుగు కాలువలో ప్రవాహం లేదని రాసిన లైను కింద ఎర్ర పెన్నుతో నేనే గీత గీశాను. వాళ్లు కొలిచింది మే నెలలో. కాలువలకి నీళ్లు ఆపేశాక మే నెలలో ఆ డ్రెయిన్‌లో గేదెలు నడిచిపోతాయి, సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, వాన పట్టిందంటే అదే డ్రెయిన్ గట్టెక్కుతుంది. ఈ ముక్క చెప్పాల్సింది. చప్పట్లు వినబడేసరికి మర్చిపోయాను.

తర్వాత అక్కడ ఐదడుగులు గ్రావెల్ తోలి మెరక చేశారు. చేల నీళ్లు పోయే బోదె పూడిపోయింది. ఆ ఏడు మా వియ్యంకుడి చేలో పన్నెండు రోజులు నీళ్లు లాగలేదు. చూడ్డానికి వెళ్తే, మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక దుబ్బు పీకి నా చేతిలో పెట్టాడు. వేళ్లు నల్లగా కుళ్లి చేతికి అంటుకున్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు కూడా, గిట్టుబాటు ధరతో పాటు మురుగు లాగడం లేదన్న బాధ ఉంది. మన దగ్గర నీళ్లు రావడం ఎంతో, పోవడం అంత.

అందుకని ముందు కొలత ఏ నెలలో తీశారో అడుగు. రిపోర్టుకి వానాకాలం కాని ఒక్క సీజన్ చాలంటారు; సార్వా లెక్క కూడా కావాలని పట్టుబట్టు. మెరక చేశాక వాన నీళ్లు ఏ డ్రెయిన్‌లోకి వదులుతారో, అది మోయగలదో లేదో చెప్పమను. లోపల ఏయే ఫ్యాక్టరీలు వస్తాయో కూడా ఇప్పుడే తేల్చుకో. పర్యావరణ అనుమతులకి కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం పార్కుకి ఒకసారి అనుమతి వచ్చాక, అందులో పెట్టుకోవచ్చన్న ఫ్యాక్టరీలకి మళ్లీ ఊరిని పిలిచి అడగరు.

భూమి ఇచ్చేసిన వాళ్లని సభలో ఒక్క మాట అనకు. అప్పులున్నాయి, ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయి, అందరూ మనవాళ్లే. నీకు కోపం ముక్కు మీదుంటుంది, గొంతు పెరిగితే కళ్లలో నీళ్లొచ్చేస్తాయి, చిన్నప్పటి నుంచీ అంతే. వస్తే రానీ తల్లీ. కాగితం మాత్రం వదలకు, చూసే చదువు.

ఈ వానలు తగ్గకముందే ఒక ఆదివారం రా. డ్రెయిన్ గట్టు మీద నడుద్దాం, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఫోటోలు తీసుకుందువు గాని. బండి రోడ్డు మీదే ఆపు, గట్టు మీద రేగడి జారుతుంది.

మీ పెదనాన్న