5 వేల లోపు షాట్‌గన్ మైకు: గొంతు దూరంగా వినిపించే సమస్యకు సమాధానం

సీన్లో గొంతు దూరంగా వినిపిస్తోందని, 5 వేల లోపు ఏ షాట్‌గన్ మైకు (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు) కొనాలని అడిగారు. మీరు అలిపిరి ఇంట్లో తీసిన సీన్లో గొంతు బావిలోంచి వచ్చినట్టుందంటే తప్పు మైకుది కాదు, దూరానిది. కెమెరా మీద పెట్టి 7 అడుగుల నుంచి తీస్తే ఖరీదైన మైకైనా అంతే. షాట్‌గన్ దూరపు గొంతును దగ్గరికి లాగదు, పక్క శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది.

1. మీ 5 వేలల్లో టాక్‌స్టార్ ఎస్‌జీసీ-598 తీసుకోండి. ఒక ఏఏ సెల్ వేయాలి. బోయా బీవై-ఎంఎం1 కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్ని వెడల్పుగా పట్టే రకం), షాట్‌గన్ అనుకుని కొనకండి.

2. అందరూ వదిలేసేది ఇదే: మైకును కెమెరా నుంచి దించండి. పెయింట్ రోలర్ కర్రకు కట్టి, ఫ్రేము అంచుకు పైన, తలకు అడుగున్నర ఎత్తులో, మొన ఛాతీ వైపు ఉండేలా పట్టించండి. 3 మీటర్ల 3.5 ఎంఎం ఎక్స్‌టెన్షన్ వైరు కావాలి. దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని దాదాపు అలాగే ఉంటుంది. తేడా అక్కడే. నేల మీద దుప్పట్లు పరిస్తే ఇంకా మేలు.

3. మైకు మీది స్విచ్‌ను +10 డీబీ (డెసిబెల్స్) దగ్గర పెట్టి, కెమెరాలో ఆటో గెయిన్ (శబ్దాన్ని కెమెరా తానే పెంచి తగ్గించడం) ఆపి, గట్టి డైలాగు కెమెరా సౌండ్ మీటరులో -12 డీబీ దగ్గర ఆగేలా చూడండి.

4. కపిలతీర్థం సీన్లో జలపాతం నటుడి వెనకుంటే కెమెరా మీది మైకు దాన్నే వింటుంది. పైనుంచి కిందికి పట్టండి. గాలికి బొచ్చు కవరు తప్పనిసరి.